విమానం రాని ఊరిలో మూడు రోజులు

పటములో చూసినచో యానాం కాకినాడకు పొరుగూరు. ప్రభుత్వ కాగితములలో మాత్రం అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని ఒక భాగము. గౌతమీ తీరాన తెలుగు మాట్లాడుతూ పెరిగిన పిల్లవానికి పై చదువుల సీటు వచ్చినా, పెద్ద కార్యాలయంలో పని పడినా, 800 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి, తమిళ తీరాన ఉన్న తన రాజధానికి పోవలసి ఉంటుంది. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి వారి చేతి నుండి విడివడినది. అదే సంవత్సరం నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిసి భారత ప్రభుత్వ పాలన క్రిందికి వచ్చినది. నాటి నుండి ఈ దూరము యానాం కుటుంబాల నిత్య జీవితంలో ఒక భాగమైపోయినది.

2024లో మా మేనల్లునికి యానాం ప్రాంతీయుల కోటాలో పుదుచ్చేరిలోని ఒక వృత్తి విద్యా కళాశాలలో సీటు వచ్చినది. సోమవారం ఉదయం 10 గంటలకు అసలు ధ్రువపత్రములతో స్వయముగా హాజరు కావలెనని ఉత్తర్వు. రాకపోయినచో సీటు తరువాతి వారికి పోవును. మా బావగారికి ఆ వారంలో సెలవు దొరకలేదు. మాకు ఎల్.టి.సి. మిగిలి ఉన్నది. కనుక అబ్బాయికి తోడుగా మేమిద్దరమూ బయలుదేరుటకు నిశ్చయమైనది. పద్దెనిమిదేండ్ల వాడు, అంతకు ముందు విమానమెక్కి ఎరుగడు.

హైదరాబాదు నుండి పుదుచ్చేరికి నేరుగా విమానంలో పోవచ్చునని మేము తొలుత అనుకున్నాము. విచారించగా ఆ సర్వీసు 2024 మార్చి ఆఖరుతోనే నిలిచిపోయినదని తెలిసినది. అందుచేత ఆదివారం ఉదయం విశాఖపట్నం నుండి చెన్నైకి విమానము, అక్కడి నుండి బస్సు అని ఏర్పాటు చేసుకున్నాము. మధ్యాహ్నానికి పుదుచ్చేరి చేరి, రాత్రి సుఖముగా నిద్రించి, ఉదయం తీరికగా కళాశాలకు పోవుట మా ప్రణాళిక.

కౌంటరు దగ్గర తెలిసినది, ఆ విమానము రద్దయినదని. "కార్యనిర్వహణ కారణములు" అన్నది వారు చెప్పిన ఏకైక కారణము. వరుసలో మా ముందు ఒక పెళ్ళివారు. వెనుక చెన్నైలో కంటి ఆపరేషనుకు పోవుచున్న ఒక వృద్ధుడు, ఆయన కుమార్తె. అందరిదీ ఒకే ప్రశ్న, అందరికీ ఒకే సమాధానము. చివరకు మమ్ములను మధ్యాహ్నం హైదరాబాదుకు పంపి, అక్కడి నుండి రాత్రి విమానంలో చెన్నై చేర్చెదమన్నారు.

విమానములు ఈ విధముగా ఎందుకు రద్దవుతాయో మన మిత్రులలో చాలామందికి ఎరుకే. ఒకే విమానము తెల్లవారుజాము నుండి అర్ధరాత్రి వరకు అయిదారు ఊళ్ళు తిరుగుతుంది. ఉదయం ఎక్కడో గంట ఆలస్యమైతే ఆ గంట సాయంత్రానికి మూడు గంటలవుతుంది. పైలట్ల పని వేళలకు నిర్ణీత పరిమితి ఉన్నది. అప్పుడు గొలుసులో ఒక లంకెను తీసివేయక తప్పదు. మన కర్మాగారములలో ఒక యంత్రము ఆగినచో తరువాతి విభాగములన్నీ ఏమవునో చూచిన వారికి ఇది వింత కాదు. కానీ మన దగ్గర యంత్రమాగినచో ఎందుకాగినదో పుస్తకంలో వ్రాసి సంతకము చేస్తాము. ఆ సంతకమే అక్కడ కనబడలేదు.

మేము పెళ్ళివారితో పాటు కేకలు వేయుటకు సిద్ధమగుచుండగా, మా మేనల్లుడు పక్కకు పోయి చరవాణిలో ఏదో చదువుతున్నాడు. "మావయ్యా, మీరు కోప్పడకండి. కేకలు వేస్తే ఏమీ ఇవ్వరు. కాగితం అడగాలి" అన్నాడు. వాడు చదివినది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వారి నిబంధనలు. 2010లో జారీ అయి, తరువాత సవరణలు పొందిన ఆ నిబంధనల సారాంశము ఎల్.టి.సి.పై పోవు ప్రతి కుటుంబమూ తెలుసుకొనదగినది. బయలుదేరవలసిన సమయానికి 24 గంటల ముందైనా చెప్పకుండా విమానము రద్దు చేసినచో, వేరొక విమానములో పంపుటో పైకము వాపసు ఇచ్చుటో కాక, పరిహారము కూడా చెల్లించవలెను. ప్రయాణ సమయము గంట లోపైతే 5,000 రూపాయలు, గంట నుండి రెండు గంటల వరకు 7,500, అంతకు మించితే 10,000. లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తము. రెండింటిలో ఏది తక్కువైతే అది. తుఫాను, రాజకీయ అలజడి వంటి సంస్థ చేతిలో లేని కారణములైతే పరిహారము ఉండదు. టిక్కెట్టు కొనునపుడు మన ఫోను నంబరు సరిగా ఇచ్చి ఉండవలెను. దళారి నంబరు మాత్రమే ఉన్నచో వారు "సమాచారము ఇచ్చినాము" అనుటకు అవకాశమున్నది.

అబ్బాయి కౌంటరుకు పోయి, గొంతు పెంచకుండా, రద్దయిన సంగతిని కారణముతో సహా వ్రాసి ఇమ్మని అడిగాడు. అక్కడ కూర్చున్న అమ్మాయి వాని కంటె రెండు మూడేండ్లే పెద్దది. ఉదయం నుండి అందరి తిట్లూ తిని అలసి ఉన్నది. "మీరొక్కరే అమ్మా అని పిలిచారు" అని చెప్పి, ముద్ర వేసి ఇచ్చినది. భోజనపు కూపన్లు కూడా అడిగిన తరువాతనే వచ్చినవి. ఆ వృద్ధునికి కూడా ఒక కాగితము వ్రాయించి తెచ్చినది మా మేనల్లుడే. ముద్ర ఉన్న ఆ కాగితము తరువాత మన లెక్కల విభాగంలో కూడా అక్కరకు వచ్చినది. టిక్కెట్టులో లేని హైదరాబాదు ఎల్.టి.సి. బిల్లులోనికి ఎట్లు వచ్చినదని అడుగుట వారి ధర్మము కదా.

హైదరాబాదులో అయిదు గంటలు నిరీక్షణ. చార్మినారు చూచి రావలెనని అబ్బాయి ముచ్చటపడ్డాడు. శంషాబాదు నుండి పాతబస్తీకి పోయి రావచ్చును గాని, తిరిగి వచ్చునపుడు రద్దీలో చిక్కుకొనినచో రాత్రి విమానము పోవును, దానితో సీటు పోవును. వాని అత్తయ్య వద్దన్నది. గాజుగోడల ఆవల చీకటి పడుట చూస్తూ కూర్చున్నాము. విమానాశ్రయములో ఎంతసేపు కూర్చున్నా ఆ ఊరు చూచినట్లు కాదు. అన్ని విమానాశ్రయములూ కలిసి ఒకే ఊరు. అక్కడ కాఫీ ధర కూడా ఒక్కటే.

రాత్రి 11 గంటలు దాటిన తరువాత చెన్నైలో దిగినాము. టాక్సీలో కిళాంబాక్కం బస్సు నిలయానికి, అక్కడి నుండి టిండివనం మీదుగా పోవు బస్సులో పుదుచ్చేరికి. అబ్బాయి ధ్రువపత్రముల సంచిని ఒడిలో పెట్టుకొని, దాని పట్టీని మణికట్టుకు చుట్టుకొని నిద్రపోయాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు పుదుచ్చేరి బస్సు నిలయంలో కాలు పెట్టినాము. పది గంటలకు ఇంకను అయిదున్నర గంటలున్నవి. వసతి గృహంలో గది మధ్యాహ్నం గాని ఇవ్వరు. ఆటో ఎక్కి సముద్రపు ఒడ్డుకు పోయినాము.

పుదుచ్చేరి కడలితీర వీధిలో సాయంత్రం నుండి ఉదయం వరకు వాహనములు తిరుగనివ్వరు. అందుచేత ఆ వేళ అది నడిచేవారి రాజ్యము. చీకటిలో ముందు అలల చప్పుడు, తరువాత నల్లని బండరాళ్ళు, ఆపై ఎనిమిది రాతి స్తంభముల నడుమ గాంధీజీ విగ్రహము కనబడినవి. ఆ స్తంభములు సెంజి కోట నుండి తెచ్చినవని చెబుతారు. సమీపంలో 1836 నాటి పాత దీపస్తంభము. తూర్పున వెలుగు వచ్చుచుండగా నీటిలో ఒక వరుసలో నిలిచి ఉన్న మొండి స్తంభములను అబ్బాయి చూపించి, అవి ఏమిటని అడిగాడు.

అది 1866లో కట్టిన పాత రేవు వారధి. 1952 తుఫానులో కొట్టుకొనిపోగా మిగిలినవి ఆ మొండెములు. దక్షిణపు వైపు స్వాతంత్ర్యానంతరము కట్టిన కొత్త వారధి కూడా 2022 మార్చిలో కొంత భాగము సముద్రంలో కూలినది. ఇంత పేరు మోసిన రేవు పట్టణానికి సహజమైన ఓడరేవు లేదన్నది చాలామందికి తెలియని విషయము. ఓడలు ఒడ్డుకు దూరముగా లంగరు వేసి నిలిచేవి. అక్కడి నుండి మనుషులనూ సరుకునూ మసూలా పడవలలో అలలు దాటించి తెచ్చేవారు. ఆ పడవలకు ఇనుప మేకులు ఉండవు. పలకలను కొబ్బరినార తాళ్ళతో కుట్టేవారు. మేకు కొట్టిన పడవ ఈ కెరటాల దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. సముద్రము బాగుగా లేని రోజున ఓడ కనుచూపు మేరలో ఉన్నను దిగుటకు వీలు లేదు, ఎక్కుటకు వీలు లేదు. ప్రయాణికులు ఒడ్డున కూర్చొని ఎదురు చూడవలసినదే.

ఈ ఊరిని కట్టినవారు ఆరేడు నెలలు గాలిని నమ్ముకొని ఆఫ్రికా ఖండము చుట్టి వచ్చినవారు. ఫ్రాన్సువా మార్తాఁ 1674లో ఇక్కడ నిలిచిన నాటి నుండి ఆవిరి ఓడలు వచ్చువరకు ఓడ రాకపోకలన్నీ గాలివాటమే. ఈశాన్య ఋతుపవనము మొదలగు అక్టోబరులో ఈ తీరము వదలి పోవుటయే నావికుల ఆనవాయితీ. వదలని వారికి ఏమగునో 1746 అక్టోబరులో తెలిసినది. మద్రాసును పట్టుకొనిన లా బూర్దొనే నౌకాదళము అక్కడనే తుఫానుకు చిక్కి ఛిన్నాభిన్నమైనది. ఇది విన్న మా మేనల్లుడు, "అప్పుడు 7,500 ఇచ్చేవారా మావయ్యా?" అని అడిగాడు. రాత్రంతా నిద్ర లేకున్నను ఆ నవ్వుతో మా అలసట కొంత తీరినది.

పది గంటలకు ఇరవై నిమిషముల ముందే కళాశాల వరండాలో ఉన్నాము. అక్కడ మరొక యానాం కుటుంబము కనిపించినది. వారు ముందురోజే రైలులో వచ్చి చేరినవారు. తెలుగు వినబడగానే ఆ తల్లి లేచి వచ్చి, "మీదే వీధమ్మా?" అని అడిగినది. ధ్రువపత్రములు సరిచూచి, రసీదు ఇచ్చుసరికి పన్నెండు దాటినది. రసీదు చేతికి వచ్చిన పిదప అబ్బాయి సంచి పట్టీని మణికట్టు నుండి విప్పాడు. వాని చర్మము మీద పట్టీ గుర్తు ఎర్రగా పడి ఉన్నది.

భోజనానికి కూర్చున్నంతలో విమాన సంస్థ నుండి మరొక సందేశము. బుధవారము సాయంత్రమునాటి మా తిరుగు విమానము గురువారమునకు మార్చబడినది. ఈసారి 24 గంటల ముందే చెప్పినారు గనుక పరిహారము లేదు. అంగీకరించుటయో, పైకము వాపసు తీసుకొనుటయో. అబ్బాయి నిబంధన చదివి, "ఈసారి వాళ్ళు గెలిచారు అత్తయ్యా" అని తేల్చాడు. అడగకుండానే పుదుచ్చేరిలో మరొక దినము కలిసి వచ్చినది.

ఊరి నక్షా తెలుసుకొనుట తేలిక. పాత పట్టణము కోడిగ్రుడ్డు ఆకారము; చుట్టూ బులెవార్లు; నడుమ ఉత్తర దక్షిణములుగా ఒక కాలువ. కాలువకు తూర్పున సముద్రము వైపు ఫ్రెంచి వారి వీధులు: పసుపు, తెలుపు గోడలు, గోడల మీద నుండి వంగిన కాగితపు పూల తీగలు, తమిళ, ఫ్రెంచి భాషలలో నీలి రంగు వీధి పలకలు. పడమట తమిళుల వీధులు: అరుగులు, పంచలు, పెంకుటిళ్ళు. పర్యాటకులందరూ తూర్పు వీధులలో ఫోటోలు తీసుకొని పోవుచున్నారు. మా మాట వినదలచినవారు పడమటి వీధులలో ఒక పూట నడవవలెను. అక్కడి అరుగులు బాటసారి కూర్చొనుటకే కట్టినవి.

మంగళవారం ఉదయం మణకుళ వినాయకుని దర్శించుకున్నాము. ఫ్రెంచి వారు రాకముందు నుండి ఉన్న దేవళము. గుడి ముంగిట భక్తులను దీవించిన లక్ష్మి అను ఏనుగు 2022 నవంబరు 30న మరణించినది. ఊరంతా ఊరేగింపులో నడిచినదట. అక్కడికి దగ్గరనే అరవింద ఆశ్రమము. అరవిందులు కూడా ఈ ఊరికి ప్రయాణికునిగా, మారుపేరుతో వచ్చినవారే. కలకత్తాలో 'డూప్లే' అను ఓడనెక్కి 1910 ఏప్రిల్ 4న ఇక్కడ దిగి, 1950లో దేహము చాలించువరకు మరి కదలలేదు. ఆయనకు రెండేండ్ల ముందు వచ్చిన సుబ్రహ్మణ్య భారతి పదేండ్లు ఉండిపోయారు. ఆంగ్లేయుల వారెంటు చెల్లని నేల కావుట వలన వారికి ఇది విడిది అయినది.

తెలుగువారు తప్పక చూడవలసినది బజారుకు సమీపంలో ఉన్న ఆనంద రంగపిళ్ళై గృహము. గవర్నరు డూప్లేకు దుబాసీగా ఉన్న పిళ్ళై 1736 నుండి 1761 వరకు తమిళంలో దినచర్య వ్రాసినాడు. ఏ ఓడ వచ్చినది, ఏది రాలేదు, ఎవరు దిగినారు, ఏ ఉత్తరము తెచ్చినారు అన్నవి అందులో అడుగడుగున కనబడును. ఓడ రాకపోయిన పైకము రాదు, సైన్యమునకు జీతము లేదు, ఊరికి రక్షణ లేదు. ఇదే పిళ్ళైకి కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అను తెలుగు లక్షణ గ్రంథమును అంకితమిచ్చినాడు. తమిళ దేశంలో, ఫ్రెంచి కొలువులో ఉన్న వ్యాపారి తెలుగు ఛందస్సుకు కృతిపతి అయినాడన్నమాట. 1761 జనవరిలో, ఊరు ఆంగ్లేయుల వశమగుటకు కొద్ది దినముల ముందు పిళ్ళై కన్నుమూసినాడు. ఆంగ్లేయులు పట్టణమును నేలమట్టము చేసినారు. 1765లో ఫ్రెంచి వారు తిరిగి వచ్చి, పాత వీధుల గీతల మీదనే మళ్ళీ కట్టుకొన్నారు. అప్పటి గవర్నరు లా ద లోరిస్తాఁ పేరు మీదనే లాస్‌పేటకు ఆ పేరు వచ్చినదని అంటారు.

ఆ లాస్‌పేటలోనే పుదుచ్చేరి విమానాశ్రయమున్నది. అబ్బాయి పట్టుబట్టగా బుధవారం అక్కడికి పోయినాము. గేటు దగ్గర కాపలా ఉన్నది. ఆవల చక్కని కొత్త భవనము. మనుష్య సంచారము లేదు. దాని చరిత్ర కూడా మసూలా పడవల చరిత్ర వంటిదే. 2013 జనవరిలో స్పైస్‌జెట్ బెంగుళూరుకు సర్వీసు మొదలుపెట్టి, 2014లో ఆపివేసినది. 2015 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా అనుబంధ సంస్థ ఆరంభించి ఆ ఏడే విరమించినది. 2017 ఆగస్టులో 'ఉడాన్' పథకము క్రింద హైదరాబాదు సర్వీసు వచ్చినది. 2020లో కోవిడ్ దానిని ఆపినది. 2022 మార్చిలో తిరిగి మొదలై, 2024 మార్చిలో మళ్ళీ ఆగినది. రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు మాత్రమే. అంత చిన్న దారి మీద 70, 80 మందిని మోయు పంకాల విమానములు దిగగలవు గాని, పెద్ద జెట్ విమానములు మామూలు రద్దీతో దిగి ఎగరజాలవు. పొడిగించుటకు కావలసిన భూమి కొంత తమిళనాడు సరిహద్దులో ఉన్నది. మూడు గంటల బస్సు దూరములో చెన్నై ఉండగా, చిన్న విమానముల వారికి ఇక్కడ లాభము నిలుచుట కష్టము.

తిరిగి వచ్చునపుడు అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. సముద్రము వైపు నౌకాశ్రయమును ఎందుకు బాగుచేయలేదు? చేసినారు. 1980లలో ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం నది ముఖమున అలలను ఆపు రాతి గోడలు కట్టినారు. ఈ తీరములో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలము దక్షిణము నుండి ఉత్తరమునకు కదలుచుండును. గోడలు దానిని ఆపినవి. ఉత్తరాన ఉన్న పట్టణపు ఇసుక తీరము కరిగిపోయినది. మొదటి తెల్లవారుజామున మేము చూచిన నల్లని బండరాళ్ళు అందుకే వేసినవి. 2018 తరువాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు నీటి అడుగున ఒక కట్టడము నిలుపగా, గాంధీ విగ్రహము ఉత్తరపు వైపు కొంత ఇసుక మరల చేరినది. సాయంత్రము ఆ ఇసుకలో పిల్లలు ఆడుకొనుట చూచినాము. ఒక ప్రయాణ సౌకర్యమునకు మరొక చోట మూల్యము చెల్లించవలసి వచ్చునని మన వంటి సంస్థల వారికి వేరే చెప్పనక్కరలేదు.

గురువారము విమానము వేళకే ఎగిరినది. ఆ సంగతి వ్రాయుటకు విశేషమేమియు లేదు.

పరిహారము కొరకు మా మేనల్లుడు ముద్ర ఉన్న కాగితము జతచేసి విమాన సంస్థకు లేఖ వ్రాసినాడు. మొదటి జవాబు క్షమాపణ. రెండవ జవాబు ఒక కూపను. మూడవ లేఖకు పైకము వచ్చినది. ముగ్గురి మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ లెక్కకట్టి ఇచ్చినారు. 7,500 కంటె అదే తక్కువ కనుక. తన వంతుతో అబ్బాయి హాస్టలుకు ఒక పరుపు, ఒక బకెట్టు, వర్షాలకు గొడుగు కొనుక్కున్నాడు.

2024 డిసెంబరు 20న ఇండిగో సంస్థ హైదరాబాదు, బెంగుళూరుల నుండి లాస్‌పేటకు చిన్న విమానములు నడుపుట ఆరంభించినది. ఆ మధ్యాహ్నం అబ్బాయి ఫోను చేసి, "మావయ్యా, హాస్టలు పైకప్పు మీద అందరం నిల్చున్నాం, మీకు చప్పుడు వినిపిస్తోందా?" అన్నాడు. మాకు తమిళంలో పిల్లల కేకలు మాత్రమే వినిపించినవి. సంక్రాంతికి ఇంటికి విమానములో వస్తావా అని వాని అత్తయ్య అడిగినది. టిక్కెట్టు ధర చెప్పి నవ్వాడు. కాకినాడ రైలుకు అప్పటికే రిజర్వేషను చేయించుకున్నాడట, పై బెర్తు.